మొరసునాటి బాటపై ఒక దినము
(సర్జాపుర తెలుగు కుటుంబముల కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



యాత్ర యనగానే మనవారికి తిరుపతియో కాశియో తలపునకు వచ్చును. పిల్లలకైతే ఊటీ. మన వాకిటనే మొదలగు ఒక బాటను మాత్రము ఎవరును తలపరు. మాలూరు, కోలారు, చింతామణి, కైవారము, శిడ్లఘట్ట, ముద్దేనహళ్లి, దేవనహళ్లి, మరల సర్జాపుర. తెల్లవారుజామున కారులో బయలుదేరినచో రాత్రి భోజనమునకు ఇల్లు చేరవచ్చును. బెంగుళూరు, కోలారు, హోసూరు ప్రాంతములను కలిపి పెద్దలు మొరసునాడు అనెడివారు. ఆ నాటిలో కొంత భాగమును చూపు బాట యిది.

ముందుగా మన ఊరి మాట. సర్జాపుర యనిన నేడు కంపెనీలు, అంతస్తుల మేడలు, రోడ్డుపై కదలని వాహనములు గుర్తునకు వచ్చును. పూర్వమిది జాగీరు ఊరు. ఇచట నేసిన సన్నని నూలుబట్టలకు దూరదేశములందును పేరుండెడిది. ఊరు విడుచుటకు ముందే ఈ సంగతి పిల్లల చెవిని వేయుడు.

మాలూరు పెంకులకును ఇటుకలకును ప్రసిద్ధి. చెన్నైకి వేసిన క్రొత్త వేగమార్గము ఆ ప్రక్కగా పోవును గాని ఊరిలోనికి పోదు; మనము పాత రోడ్డుననే పోవలెను. మాస్తి గ్రామము ఈ తాలూకాలోనిదే. 1891లో జన్మించిన మాస్తి వెంకటేశ అయ్యంగారిది తమిళము మాట్లాడు ఇల్లు. వారు వ్రాసినది కన్నడము. 1983వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము వారికి లభించెను. ఇంటి భాష యొకటి, కలము భాష వేరొకటి యగుట ఈ నేలకు క్రొత్త గాదు.

కోలారున కొంత నిలువవలెను. కువలాలపురమను పేరుతో ఇది గంగరాజులకు తొలినాటి రాజధాని. కోలారమ్మ గుడిలో రాజేంద్రచోళుని కాలపు తమిళ శాసనములు గలవు. ఆ గుడిలోనే తేళ్ల దేవత చేలమ్మ కొలువై యున్నది. కన్నడమున చేళు, మనకు తేలు. ఈ రెండు మాటలను అచట నిలబడి పిల్లలచే పలికించినచో, భాషల బంధుత్వమును గూర్చి వేరు పాఠము అక్కరలేదు. ఈ సీమ యంతయు ఒకప్పుడు తెలుగువారిదే యని సభలలో బల్ల గుద్దువారు కొందరున్నారు. వారిని ఆ తమిళ శాసనముల ముందుకు తీసికొనిపోవలెనని నాకు చిరకాలపు కోరిక. ఎవరి మాటయు ఇచట ఒంటరిగా బ్రదుకలేదు.

అదే ఊరిలో హైదరలీ తండ్రి ఫతే మహమ్మదు సమాధి గలదు. 1782లో చిత్తూరు సమీపమున మరణించిన హైదరలీ దేహమును మొదట ఇచటనే ఉంచి, తరువాత శ్రీరంగపట్టణమునకు తరలించిరి. కొండపై అంతరగంగ గలదు. రాతి నంది నోట నీరు వచ్చును. ఎక్కుటకు మెట్లు మాత్రము చాలా గలవు. మోకాళ్ల నొప్పులవారు క్రిందనే ఉండుట మేలు.

చింతామణి దారిలో టీ అంగడి వద్ద ఆగుడు. “యాడ్నించి వస్తా ఉండారు?” అని అడుగువారు కనబడుదురు. ఆ యాసను విని మన పిల్లలు నవ్వరాదు; మన అవ్వలు మాట్లాడినది అదియే.

ఇక కైవారము. ఈ ప్రయాణమును తలపెట్టినదే దీనికొరకు. భీముడు బకాసురుని చంపిన ఏకచక్రపురము ఇదియేనని స్థలపురాణము. మనకు ముఖ్యుడు తాతయ్య. నారాయణప్ప యను ఆయన గాజుల మలారము మోసి ఊరూర తిరిగినవాడు. పిమ్మట గుహలో తపము చేసి యోగి నారేయణ యతీంద్రుడైనాడు. 1726లో పుట్టి 1836 వరకు నూటపది యేండ్లు జీవించినాడని భక్తుల విశ్వాసము. ఆయన తెలుగునను కన్నడమునను పాడినాడు. కాలజ్ఞానమును, అమర నారేయణ శతకమును చెప్పినవాడు ఆయనే. గురుపూర్ణిమకు అచట సంగీతోత్సవము జరుగును.

అయితే ఆ తెలుగు పదములు అచట చాలవరకు కన్నడ లిపిలో అచ్చై దొరకును. భక్తులు ఆ లిపిలో చదివి తెలుగున పాడుదురు. దీనిని చూచి కొందరు నొచ్చుకొందురు. నేను మాత్రము ఆ లిపికి ఋణపడియున్నామనియే చెప్పుదును. అది లేకున్న ఆ పాటలలో ఎన్ని మిగిలియుండెడివో! నా దిగులు వేరు. ఆ పాటలను వినిన అర్థమగు చెవి మన ఇండ్లలో సన్నగిల్లుచున్నది. మన మనుమలు కన్నడము చదువుదురు, ఇంగ్లీషు మాట్లాడుదురు; అవ్వ తెలుగున పిలిచిన ఇంగ్లీషున బదులు చెప్పుదురు.

అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింప యత్నించవలెనని 1956 నాటి సవరణతో రాజ్యాంగమున 350ఎ అధికరణము చేరినది. దానిని అడుగుట మన హక్కు, అడుగుదము. అర్జీకి బదులు వచ్చులోపల పిల్లలు పెద్దవారగుదురు గదా! కన్నడ తెలుగు లిపులు ఒక్క తల్లి బిడ్డలు. కన్నడము చదువగల పిల్లవానికి తలకట్టు భేదమును, వేరుగా నున్న కొన్ని అక్షరములను చూపిన చాలు; కొన్ని వారములలో తెలుగు చదువును. అందుచేత కైవారమున తాతయ్య పదముల పుస్తకము ఒకటి కొనుడు. ఇంటికి వచ్చి దినమునకొక పదమును పిల్లలచే తెలుగు లిపిలోనికి ఎత్తి వ్రాయింపుడు. అర్థము అవ్వ చెప్పును. అవ్వకు చదువు రాకున్నను ఫరవాలేదు.

శిడ్లఘట్టలో పట్టుగూళ్ల సంత పేరుగాంచినది, ప్రొద్దుండిన చూడవచ్చును. ముద్దేనహళ్లి మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1861లో పుట్టిన ఊరు. వారి సమాధియు అచటనే. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండము నుండి వచ్చినవారు; ఆ ఊరి పేరు నేటికిని వారి పేరుకు ముందున్నది. దేవనహళ్లి కోటను, టిప్పు పుట్టిన చోటును చూచునప్పటికి సాయంకాలమగును. అచటినుండి హోసకోట మీదుగా ఇల్లు చేరవచ్చును.

ఆలయములను సాధారణముగా మధ్యాహ్నము మూయుదురు గనుక ఉదయము ఆరు దాటకుండ బయలుదేరవలెను. పులిహోర, పెరుగన్నము కట్టుకొనుడు. కారులో అవ్వకో తాతకో ఒక చోటు విడువుడు. పిల్లవాని చేతికొక నోటుపుస్తకము ఇండు.