ఎవరును వినని పాటలు

(పాఠశాల తెలుగు సాహిత్య సంఘ సమావేశమున చేసిన ఉపన్యాసము)



హాస్యమును గూర్చి మాటాడుమని మీ సంఘ కార్యదర్శి నన్ను కోరుచు, పాఠ్యపుస్తకములలో నున్నదే మరల చెప్పవలదని యొక షరతు పెట్టెను. షరతు నాకు నచ్చినది. అందుచేత నేడు ఒక లేని వాద్యబృందమును, అది పాడని పాటలను, ఆ పాటలలో ఏవి మేలైనవని అభిమానుల నడుమ జరుగుచున్న వివాదమును గూర్చి మనవి చేయుదును. విషయము తేలికయే, తేలికగా వదలదగినది మాత్రము కాదని నా యభిప్రాయము.

1984వ సంవత్సరమున అమెరికాలో “దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్” అను చలనచిత్రము విడుదలయైనది. దర్శకుడు రాబ్ రైనర్. ఇంగ్లండునకు చెందిన స్పైనల్ ట్యాప్ అను రాక్ బృందము అమెరికాలో ఊరూర కచేరీలు చేయుచు పోవుటయు, ఒక దర్శకుడు వారి వెంట తిరిగి ఆ ప్రయాణమును వార్తాచిత్రముగా తీయుటయు అందలి కథ. ఆ దర్శకుని వేషమును రైనరే ధరించెను. బృందమున ముఖ్యులు మువ్వురు: డేవిడ్ సెయింట్ హబ్బిన్స్, నైజెల్ టఫ్‌నెల్, డెరెక్ స్మాల్స్. ఈ మువ్వురును కల్పితులే. వారి వేషములు ధరించిన మైకేల్ మెకీన్, క్రిస్టఫర్ గెస్ట్, హారీ షియరర్ అనువారు అమెరికాలో పుట్టిన నటులు. సంభాషణలలో చాల భాగము ముందు వ్రాసికొన్నది కాదు. కెమెరా యెదుట అప్పటికప్పుడు కల్పించి పలికినది. పాటలు మాత్రము వారే కట్టిరి, వారే వాయించిరి, వారే పాడిరి. ఈ కడపటి సంగతి ముఖ్యము. దీనికి మరల వత్తును.

చిత్రము నిజమునకు ఎంత దగ్గరగా నుండెననగా, తొలినాళ్ల ప్రేక్షకులలో కొందరు బృందము నిజమైనదేయని నమ్మి, ఇట్టి అనామకులను గూర్చి చిత్రము తీయనేల యని తన్నడిగిరని రైనర్ చెప్పియున్నాడు.

కల్పనకు గతము కావలెను. వట్టి వర్తమానము గల బృందమును చూచి నవ్వుదుము గాని దానికి అభిమానులము కాజాలము. చిత్రకర్తలు ఈ రహస్యము నెరిగినవారు. వారు కల్పించిన చరిత్ర యిది: 1960ల మధ్యభాగమున ఈ మిత్రులు “థేమ్స్‌మెన్” అను పేర, ఒద్దికైన కోటులు తొడిగికొని ఆనాటి బీటిల్స్ పద్ధతిలో పాడుచుండిరి. 1967లో యువలోకమంతయు పూలు, శాంతి, ప్రేమ యని పలవరించుచుండగా వీరును పూలు పట్టిరి. తరువాత చెవులు గింగురుమనిపించు హెవీ మెటల్ వంతు వచ్చినది; వీరు తోలు దుస్తులలోనికి మారిరి. లోకమెటు పోయిన వీరటు, ఎల్లప్పుడును ఒక్క అడుగు వెనుకగా! ఈ దారిపొడవునను వారు విడుదల చేసిరనబడు ఆల్బములు పదికి మించినవి: “బ్రెయిన్‌హ్యామర్”, “ఇంట్రావీనస్ డి మైలో”, “ది గాస్పెల్ అకార్డింగ్ టు స్పైనల్ ట్యాప్”, “షార్క్ శాండ్‌విచ్”, ఆ తరువాత “స్మెల్ ది గ్లవ్” మొదలగునవి. వీనిలో కొన్నిటిపై పత్రికలు వ్రాసిన విమర్శలను చిత్రములోని దర్శకుడు బృందమువారికే చదివి వినిపించును. “గాస్పెల్”ను గూర్చిన విమర్శకుడు, దేవుడు ఈ బృందమును సృష్టించిన దినమున గూడ విశ్రమించియుండరాదా యని అడుగును. “షార్క్ శాండ్‌విచ్” పై వచ్చిన విమర్శ మొత్తము రెండే మాటలు. పేరుకు ప్రాస కుదిరిన తిట్టు. దానిని ఈ సభలో పలుకుట మర్యాద కాదు. వీనిలో పెక్కింటికి పేరును, ఒకటి రెండు నిందావాక్యములును తప్ప మరేమియు లేదు.

అభిమానులకు అంతే చాలినది. వీనిలో ఏది ఉత్తమమని నాటినుండి వారు వాదులాడుచునే యున్నారు. ఆ వాదము సాగు తీరు చూడుడు. ఒకడు “ఇంట్రావీనస్” తరువాత బృందము క్షీణించినదని నిట్టూర్చును. రెండవవాడు, అది పామరుల మాటయనియు, “బ్రెయిన్‌హ్యామర్” వినని వానికి ఈ చర్చలో నోరు విప్పు అధికారమే లేదనియు గద్దించును. తాను దానిని వినలేదు. వినుట యెవరికిని సాధ్యము కాదు. మూడవవాడు మెల్లగా, “షార్క్ శాండ్‌విచ్”ను లోకము అపార్థము చేసికొన్నదనియు, ఆ విమర్శలోని రెండు మాటలలో మొదటిది న్యాయమే యైనను రెండవది అన్యాయమనియు వాదించును. ఇంకొకడు, ఆల్బము సంగతి తరువాత చూతము, ముందు అందు డ్రమ్ము వాయించినదెవరో తేల్చుడనును. ఇది గడ్డు ప్రశ్న. ఏలయన ఈ బృందమున డ్రమ్ము వాయించువాడెవడును బ్రదుకడు. ఒకడు తోటపనిలో ఏదో వింత ప్రమాదమున పోయెను. మరియొకడు వేదికపై కూర్చున్నవాడు కూర్చున్నట్లే తనంతట తాను అంటుకొని భస్మమయ్యెను. ఏ యేట ఏ డ్రమ్మువాడు జీవించియుండెనో లెక్క తేలినగాని ఆల్బముల గుణదోషములు తేలవని ఆ పెద్దమనిషి పట్టు.

ఈ ఆటకు నియమమొక్కటే: నవ్వరాదు. నవ్వినవాడు ఓడినట్లు.

ఐనను నోటికి వచ్చినదెల్ల అనుటకు వీలులేదు. సొగసంతయు ఇందే యున్నది. “ఇంట్రావీనస్ డి మైలో” అను పేరునే చూడుడు. మిలో ద్వీపమున దొరికిన చేతులు లేని వీనస్ విగ్రహము ప్యారిస్ నగరమున లూవ్ర్ ప్రదర్శనశాలలో నున్నది. ఆ దేవత పేరును, నరములోనికి ఎక్కించు సూదిమందు మాటతో అతికించిరి. విగ్రహమును, 1970ల నాటి రాక్ గాయకుల మత్తుమందుల వ్యసనమును రెండును ఎరిగిన వానికే ఆ పేరు నవ్వు పుట్టించును. చేతులే లేని దేవతకు సూది యెక్కడ వేయుదురో నాకింతవరకు తెలియలేదు!

“స్మెల్ ది గ్లవ్” కథయు నిట్టిదే. అట్టమీది బొమ్మ స్త్రీలను అవమానించునదిగా నుండుటచే అంగళ్లవారు అమ్మమనిరి. కంపెనీవారు బొమ్మను తీసివేసి, పేరైనను లేకుండ నిండు నలుపు అట్టతో విడుదల చేసిరి. దీని వెనుక 1968లో బీటిల్స్ వెలువరించిన తెల్లని అట్ట ఆల్బము కలదు. ఆ తెలుపు నెరిగినవారికే ఈ నలుపులోని హాస్యము తెలియును. తరువాత జరిగినది ఇంకను చిత్రము. 1991లో మెటాలికా అను నిజమైన బృందము దాదాపు నిండు నలుపు అట్టతోనే ఆల్బము నొకదానిని విడుదల చేసినది. 2011లో వీరు మన బెంగుళూరు ప్యాలెస్ మైదానమునకు వచ్చి కచేరి చేసిరి. మీ అన్నలలో కొందరు వినియుందురు. స్పైనల్ ట్యాప్ పక్షము వహించి చూచిన, లేనివారు గురువులు, ఉన్నవారు శిష్యులు!

ఇక శిలాతోరణపు కథ. ఇంగ్లండునందలి స్టోన్‌హెంజ్ ప్రాచీన శిలల నమూనాను 18 అడుగుల ఎత్తున వేదికపై నిలుపనెంచి, నైజెల్ దానిని చేతిరుమాలు కాగితముపై గీసి ఇచ్చును. అడుగుల గురుతు వేయవలసినచోట అంగుళముల గురుతు పడినది. కచేరినాడు పైనుండి గంభీరముగా దిగివచ్చిన తోరణము ఎత్తు 18 అంగుళములు. బ్లాక్ సబ్బత్ అను నిజమైన బృందమునకు 1983లో దీనికి తారుమారైన ఆపద కలిగినది: వారు చేయించిన స్టోన్‌హెంజ్ రాళ్లు వేదికలకు పట్టనంత పెద్దవైనవి. కల్పనలో చిన్నవి, నిజములో పెద్దవి. ఏది హెచ్చు హాస్యమో నేను తేల్చలేను. కావున లేని బృందమును గూర్చి చక్కగా వాదింపవలెనన్న, ఉన్న బృందముల ఇరువదేండ్ల చరిత్ర కంఠస్థమై యుండవలెను. ఈ చర్చలో సోమరులకు చోటు లేదు.

కల్పిత వ్యక్తులతో ఇట్లు సహవాసము చేయుట మన సాహిత్యమునకు క్రొత్త కాదు. ఇంగ్లండున 1711లో ఆరంభమైన “స్పెక్టేటర్” పత్రికయందలి కల్పిత సభను ఆదర్శముగా గొని పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు సాక్షి సంఘమును నిర్మించిరి. జంఘాలశాస్త్రి యెన్నడును పుట్టలేదు. ఐనను ఆయన ఆగ్రహించిన, మనమెరిగిన పెద్దమనిషి యెవరో ఆగ్రహించినట్లే జంకుదుము. భేదమొకటి కలదు: జంఘాలశాస్త్రి ఉపన్యాసములు అచ్చులో నున్నవి, ఎవరైనను చదువవచ్చును. “బ్రెయిన్‌హ్యామర్” ఎక్కడను లేదు.

ఈ భేదము కడనే నాకు మీతో కొంత పని యున్నది. స్పైనల్ ట్యాప్ అభిమాని తాను వినని దానిని పొగడుచు, వినలేదని తెలిసియే పొగడును. ఎదుటివానికిని ఆ సంగతి తెలియును. అందుచే అది ఆట. మనలో అట్లు కాదు. ఈ కన్నడసీమలో మన పిల్లలకు తెలుగు పుస్తకములకంటె ముందు తెలుగు పుస్తకముల పేర్లు చేరుచున్నవి. ఉగాదినాడు పెద్దలు వేదిక యెక్కి, మనుచరిత్ర మేలా, వసుచరిత్ర మేలా యని తీర్పు చెప్పుదురు. పిల్లలు ఆ పేర్లను ఆ వరుసతోనే నేర్చి మరుసటి యుగాదికి అప్పగింతురు. వసుచరిత్రయే మేలని వాదించువానిని, “నాయనా, అందొక్క ఆశ్వాసమైన చదివితివా?” అని అడిగిన సభలో కలకలము పుట్టును. ఇదియు వినని పాటలపై వివాదమే. మనమును నవ్వము, కాని అది నియమమునుబట్టి కాదు, నవ్వదగినదని తెలియక. పేర్లు చేరుట చెడ్డదని నేననను. పేరైనను చేరనిచో వెదకువాడెవడు? ఆ రెండు కావ్యములును మీ పాఠశాల బీరువాలో నున్నవని మీ తెలుగు ఉపాధ్యాయులు ఇప్పుడే నాకు చెప్పిరి. వానిని విప్పిన వారెందరో వారును చెప్పలేదు, నేనును అడుగలేదు.

ఇక పాటల సంగతికి వత్తును. ఆ నటులు తామే కట్టి, తామే పాడుటచే, వినుటకు లేనివాని నడుమ వినదగినవియు కొన్ని పుట్టినవి. 1984లో చిత్రములోని పాటలు ఆల్బముగా వెలువడినవి. 1992లో “బ్రేక్ లైక్ ది విండ్” వచ్చినది; జెఫ్ బెక్, స్లాష్, జో సాట్రియాని వంటి గిటారు విద్వాంసులు అందు వాయించిరి, షేర్ అను ప్రఖ్యాత గాయని గొంతు కలిపినది. ఆ యేటనే లండను రాయల్ ఆల్బర్ట్ హాలులో కచేరి జరిగినది. 2009లో “బ్యాక్ ఫ్రమ్ ది డెడ్” వచ్చినది. అదే యేట గ్లాస్టన్‌బరీ ఉత్సవమున వేలకొలది జనుల యెదుట వీరు వేషములతోనే వాయించిరి. 2025 సెప్టెంబరులో రెండవ చిత్రము విడుదలయైనది. అందు పాల్ మెకార్ట్నీయు, ఎల్టన్ జానును కనబడిరి. మొదట బీటిల్స్‌ను అనుకరించి నవ్వించిన బృందము చెంతకు బీటిల్స్‌లో నొకరు నడచివచ్చిరన్నమాట!

చిత్రములో నైజెల్ తన ఆంప్లిఫైయరు మీటలను గర్వముతో చూపును. లోకమందలి మీటలన్నియు 10 వరకే తిరుగును. అతనివి 11 వరకు. బి.బి.సి. వారు తమ ఐప్లేయరున ధ్వని హెచ్చించు గురుతును 11 వరకు పెట్టి ఆ హాస్యమునకు నమస్కరించిరి. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు భద్రపరుపదగిన చిత్రముల జాబితాలో దీనిని 2002లో చేర్చిరి.

గౌరవము ఇట్లు హెచ్చుచుండగా ధనము మాత్రము హెచ్చలేదు. హక్కులు గల సంస్థపై షియరర్ 2016లో వ్యాజ్యము వేసెను. 1989 మొదలు 2006 వరకు పాటల విక్రయమువలన వచ్చిన ఆదాయము 98 డాలర్లని తమకు లెక్క చూపిరని అందు పేర్కొనెను. బృందము కల్పితము, పాటలు నిజము; లెక్క యీ రెండింటిలో దేనికి చెందునో న్యాయస్థానమే తేల్చవలెనని వారి మొర. కొన్ని యేండ్లకు ఉభయపక్షములును రాజీపడినవి. హాస్యము సృష్టించుట కూడ కష్టార్జితమేయని, దానికి కూలి అడుగుట తప్పుకాదని మీలో రేపు వ్రాయబోవువారు గుర్తింపవలెను.

ఏది ఉత్తమమో నన్ను గూడ చెప్పుమందురేమో. వినగలవానిలో 1984 నాటిదే. 1992 నాటి దానిలో విద్వాంసులు హెచ్చు. విద్వాంసులు హెచ్చినకొలది హాస్యము వెనుకకు తగ్గినది. బాగుగా వాయించుట ఈ బృందమునకు సుగుణము కాదు. బాగుగా వాయించుచున్నామని గాఢముగా నమ్ముట సుగుణము. మొదటి ఆల్బములో ఆ నమ్మకము నిండుగా నున్నది. వినుటకు లేనివానిలో నా వోటు “షార్క్ శాండ్‌విచ్”నకు. అట్టి రెండు మాటల విమర్శను భరించియు, మరల “స్మెల్ ది గ్లవ్”నకు పూనుకొన్నవారి గుండెదిటవు సామాన్యమైనది కాదు. దీని నంగీకరింపనివారు లేచి వాదింపవచ్చును. నవ్వినవారు మాత్రము కూర్చుండవలెను.