దూరపు సైకిలు ప్రయాణము: సామగ్రి యెన్నిక, పరీక్ష

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన యుపన్యాసము)



సైకిలు పల్లెకు క్రొత్త వస్తువు కాదు. పాలక్యానులను, గడ్డిమోపును, బియ్యపు మూటను, బడికిపోవు బిడ్డను, అన్నిటిని మోసిన వాహన మది. అయితే గుడారము, దుప్పటి, వంటపాత్రలు, భోజనపదార్థములు సర్వమును దానిమీదనే కట్టుకొని, దినముల తరబడి కొండదారులలో పోవుచు, చీకటిపడిన చోటనే నిద్రించు ప్రయాణ మొకటి కలదు. నేడు దీనిని బైక్‌ప్యాకింగు అని పిలుచుచున్నారు. పేరు క్రొత్తదే కాని పని ప్రాతది. ఇందు జయాపజయములు కాలిబలముకంటె ముందుగా మూటకట్టుటలోనే నిర్ణయమగును. 1896, 1897 సంవత్సరములలో అమెరికా దేశమున కొందఱు నల్లజాతి సైనికులు ఈ సత్యమును తమ చెమటతో ఋజువుచేసిరి.

మొంటానా రాష్ట్రమున మిసూలా కోటయందు 25వ పదాతిదళము కొంత యుండెను. ఆ దళమున సైనికులందఱు నల్లజాతివారు, అధికారులు తెల్లజాతివారు. గుఱ్ఱమునకు దాణా కావలెను, నీరు కావలెను, విశ్రాంతి కావలెను. సైకిలున కివి యక్కఱలేదు. కావున సైన్యమునకు సైకి లెంతవఱకు పనికివచ్చునో పరీక్షింపవలెనని జేమ్స్ మాస్ అను లెఫ్టినెంటు పైయధికారుల యనుమతి పొందెను.

అతడు మొదటనే మహాయాత్రకు బయలుదేరలేదు. ఇందలి వివేకము గమనింపదగినది. 1896 ఆగస్టులో ఎనమండుగురు సైనికులతో 126 మైళ్ల చిన్న ప్రయాణము చేసెను. వాన కురిసెను, బురద చక్రములను పట్టెను, టైర్లు పంక్చరయ్యెను, పెడళ్లు విఱిగెను. కోటనుండి కొలది దూరముననే యీ లోపములు బయటపడుట యొక విధముగా అదృష్టమే. ఆ నెలలోనే మఱల బయలుదేరి యెల్లోస్టోను అను ప్రసిద్ధమైన వనమునకు పోయి, సెప్టెంబరులో తిరిగివచ్చిరి. అది రానుపోను సుమారు 800 మైళ్లు. మఱుసటి యేడు తెప్పించిన సైకిళ్లకు ఉక్కు రిమ్ములు, మామూలుకంటె బలమైన ఫోర్కులు, చెయినుకు బురద తగులకుండ మూతలు, బ్రేకులు, సామాను క్యారియర్లు అమర్పించిరి. దారి నేర్పిన పాఠమే వస్తువు రూపమున తిరిగివచ్చెను.

ఇక మూటను చూతము. దుప్పటి, లోదుస్తులు, మేజోళ్లు, సగము గుడారము చుట్టగాచుట్టి హాండిలునకు ముందు కట్టిరి. సగము గుడార మేల యని సందేహము కలుగవచ్చును. ఒక్కొక్క సైనికుడు ఒక సగమును మోయును. రాత్రి ఇద్దఱు తమ సగములను జతపఱచినచో గుడార మొకటి యగును. భోజనపదార్థముల పెట్టెను సైకిలు ఫ్రేములోని త్రికోణమున బిగించిరి. ఒట్టి సైకిలు బరువు సుమారు 32 పౌండ్లు; సామానుతో అది సుమారు 59 పౌండ్లయ్యెను, అనగా 27 కిలోగ్రాములు. తుపాకియు, 50 తూటాలును సైనికుని యొంటిమీదనే యుండెను.

ఈ యమరిక నేటికిని చెల్లుచున్నది. బరువైనవి ఫ్రేము నడుమ, వీలైనంత క్రిందుగా నుండవలెను. తేలికైనవి హాండిలు ముందును, సీటు వెనుకను ఉండవలెను. ఎడ్లబండి తోలినవారి కిది వేఱుగ చెప్పనక్కఱలేదు. బరువు ముందునకు మొగ్గినచో ఎడ్ల మెడలు నలుగును. వెనుకకు మొగ్గినచో కాడి పైకి లేచును. సైకిలుపై బరువు తప్పినచో ఇసుకలో ముందు చక్రము మాట వినదు, దిగుడులో వెనుక చక్రము ఊగును.

1897 జూన్ 14వ తేదీన ఇరువదిమంది సైనికులు, మాస్, ఒక వైద్యుడు, ఒక పత్రికావిలేఖరి మిసూలానుండి సెయింట్ లూయీ నగరమునకు బయలుదేరిరి. దూరము 1,900 మైళ్లు. సైనికులలో ముఖ్యుడు సార్జెంటు మింగో సాండర్స్. వారు తమవెంట రెండు దినముల భోజనమునే యుంచుకొనిరి. సుమారు నూఱు మైళ్ల కొకచోట రైలు మార్గమున ముందుగానే సామగ్రి పంపబడెను. దారిలో దొరకు దానిని ఇంటినుండి మోయరాదను సూత్ర మిదియే.

జూన్ నెలలోనే కొండలపై మంచు పడెను. జిగటమట్టిలో చక్రములు తిరుగక, సైకిళ్లను త్రోసికొనుచు, మోసికొనుచు పోయిరి. నెబ్రాస్కా యిసుకదిబ్బలలో 170 మైళ్ల దూరము తొక్కుటకు వీలుపడలేదు. రైలుపట్టాల నడుమ దూలములపై అదరుచు, నడచుచు, నాలుగున్నర దినములలో దానిని దాటిరి. చౌడునీరు త్రాగి పలువురు జబ్బుపడిరి. మాస్ సైతము కొన్నాళ్లు మంచమెక్కెను. సైకిలునకు నీరక్కఱలేదు గాని తొక్కువానికి కావలెను. పరికరముల నెంత యెంచి తెచ్చినను త్రాగునీటి విషయమున ఏమఱినచో అన్నియు వ్యర్థమే.

అయినను జులై 24వ తేదీన వారు గమ్యము చేరిరి. మొత్తము 41 దినములు. అందు ప్రయాణము సాగినవి 34. నగరములోని సైకిలువా రెదురేగి స్వాగత మిచ్చిరి.

సామగ్రి పరీక్షలో నెగ్గెను, మనుష్యులును నెగ్గిరి. కాని తీర్పుచెప్పువారు వేఱు. మఱియొక యాత్రకు మాస్ కోరిన యనుమతి లభింపలేదు. 1898లో యుద్ధము రాగా దళము క్యూబాకు పంపబడెను. 1906లో బ్రౌన్స్‌విల్ పట్టణమున జరిగిన కాల్పుల నిందపై ఆ దళములోని 167 మంది సైనికులు న్యాయస్థానమున విచారణ లేకయే కొలువునుండి తొలగింపబడిరి. వారిలో ఇరువదియైదేండ్లు సేవచేసిన మింగో సాండర్స్ ఒకడు. 1972లో సైన్యము ఆ యుత్తరువును రద్దుచేసెను. అప్పటికి సాండర్స్ చనిపోయి నలువదియేండ్లు దాటెను.

కావున దూరప్రయాణము తలపెట్టు యువకులు చేయవలసిన దిది. సామానంతయు నేలపై పఱచి, ప్రతి వస్తువును రెండుమాఱులు ప్రశ్నింపుడు. ఒక వస్తువు రెండు పనులకు వచ్చునేమో చూడుడు. పంక్చరు అతుకులు, గాలిపంపు, చెయిను బిగించు పనిముట్లు మాత్రము మఱవకుడు. వానిని వాడుట ఇంటివద్దనే నేర్చుకొనుడు. రాత్రి కప్పుకొను దుప్పటిని తడి తగులని సంచిలో ఉంచుడు. పూర్తి బరువుతో గతుకుల బాటన పదిమైళ్లు పోయి, ఒక రాత్రి ఆరుబయట గడపి తిరిగిరండు. వాడని వస్తువును తీసివేయుడు. లేక బాధపడిన వస్తువును చేర్చుడు.

పూర్వులు పోయిన దారిని పుస్తకము చెప్పును, అందులకే గ్రంథాలయము. కాని మూట బరువును పుస్తకము చెప్పజాలదు. అది మోసినవానికే తెలియును. చదివినదానిని చిన్న ప్రయాణమున పరీక్షించి, పిమ్మట పెద్ద ప్రయాణమునకు బయలుదేరుట మేలు.