కూరగాయల మడిలో పచ్చిమేతకు చోటు

(పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సమావేశంలో కూరగాయల ముచ్చట ఏమిటని మీరు అనుకోవచ్చు. బోరు కింద ఒక ఎకరం, కొట్టంలో రెండు గేదెలు ఉన్న రైతుకు ఇవి వేరు కావు. టమాటాకు ధర వచ్చిందంటే ఎకరమంతా టమాటాయే వేస్తాము, గేదెకు మేత కొంటాము. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో కిలో టమాటా 100 రూపాయలు దాటింది. ఆ ధర చూసి నాటినవారి కాయ మార్కెట్టుకు చేరేసరికి, సెప్టెంబరులో, ధర నేలకు దిగింది. పాల బిల్లు అలా పడిపోదు.

ధర సంగతి అటుంచి నేల సంగతి చూద్దాం. టమాటా, వంగ, మిరప ఒకే కుటుంబపు పంటలు. ఒకదాని వెనుక ఒకటి వేస్తే పంట మార్చినట్లు కాదు. మొక్క పచ్చగా ఉండగానే వాడిపోతున్నదా? పీకి చూడండి. వేళ్ళకు బుడిపెలుంటే నులిపురుగులు చేరినట్లు. కాండం కోసి గ్లాసు నీళ్ళలో ఉంచితే కోసినచోటి నుంచి తెల్లని ధార దిగుతుందా, అది బాక్టీరియా ఎండు తెగులు. ఆ పాలు మాత్రం మనకు అక్కరలేదు! ఈ తెగులు నేలలోనే నిలిచి ఉంటుంది, పైన మందు కొట్టి లాభం లేదు.

అటువంటి మడికి పచ్చిమేత జొన్న మంచి మార్పు. తొలకరిలో విత్తి, పూతదశలో కోసి, ఆశ్వయుజంలో టమాటా నాటండి. మరుసటి ఏడు అక్కడ వంగ వద్దు; ఉల్లి గాని క్యాబేజీ గాని వేయండి. మాంసకృత్తుల కోసం జొన్నలో అలసంద కలపటం మంచిదే. కాని వేరుబుడిపెలున్న మడిలో అలసందకు, బెండకు కూడా నులిపురుగు సోకుతుంది. అక్కడ బంతి వేయండి. నులిపురుగు తగ్గుతుంది, దసరాకు పూలు అమ్ముడుపోతాయి.

పేడ బాగా మాగిన తరువాతే ఎకరాకు 8 నుంచి 10 టన్నులు వేయాలి. పచ్చిపేడ వేస్తే చెదలు, వేరుపురుగు వస్తాయి.

మందు కొట్టిన మడిలోని గడ్డిని, టమాటా మొక్కలను గేదెకు వేయరాదు. లేత జొన్న, బెట్టకు వాడిన జొన్న, కోసిన మొదళ్ళ నుంచి వచ్చే పిలకలు మరీ ప్రమాదం. నాము తగిలితే పశువు నిమిషాలలో పడిపోతుంది. నోట నురగ, ఆయాసం కనబడగానే పశువైద్యునికి కబురు చేయండి.