ఇంట్లో ఫోను గీతలు పెరగాలంటే



2020 సెప్టెంబరు 1న మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలోనూ, టీ-శాట్‌లోనూ పాఠాలు మొదలయ్యాయి. మా అమ్మాయి బడిలో మాత్రం ఫోనులోనే పాఠాలు. సిద్దిపేటలో మా వాటా రెండు మేడల నడుమ ఇరుక్కుని ఉంటుంది. గదిలో ఫోను తెరిస్తే చక్రం తిరగడమే తప్ప బొమ్మ రాదు. పిల్ల డాబా మెట్ల మీద, ఎండలో గొడుగు వేసుకుని కూర్చునేది. ఆ గొడుగు చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది. బడులు తెరిచారు గానీ మా ఇంట్లో గీతలు పెరగలేదు. పరీక్ష ఫీజు కట్టాలన్నా, అత్తమ్మకు డాక్టరుగారిని వీడియోలో చూపించాలన్నా మళ్లీ ఆ మెట్లే గతి.

పక్కింటి వదినగారు ఒకనాడు, "బజార్ల ఒక డబ్బా దొరుకుతదట వదినా! కరెంటు పెడితే చాలు, నిండా గీతలొస్తయట" అన్నారు. డబ్బు కూడా తీసి పెట్టుకున్నాను. అదృష్టం, కొనే ముందు కనుక్కున్నాను. కరెంటుతో పనిచేసే అటువంటి బూస్టరును అనుమతి లేకుండా పెట్టుకోవడం మన దేశంలో నేరం. అది పుట్టించే రొద టవరుదాకా పోయి చుట్టుపక్కల అందరి ఫోన్లనూ చెడగొడుతుంది. మన నాలుగు గీతల కోసం, అర్ధరాత్రి ఎవరో అంబులెన్సుకు చేసే ఫోను అందకుండా పోతే? తలచుకుంటేనే భయం కదూ!

మరి కరెంటు అక్కరలేని యాంటెన్నా సంగతి వేరు. చూరు కింద గంగాళం పెడితే వాన నీళ్లు నిండుతాయి. గంగాళం వానను కురిపించదు, కురిసినదాన్ని పడుతుంది, అంతే. ఈ యాంటెన్నా పనీ అదే. అందుకే ఏది కొన్నామన్నదానికంటే ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం.

1926లో జపానులో ఉదా, యాగీ అనే ఇద్దరు పరిశోధకులు రూపొందించిన పుల్లల యాంటెన్నానే మనం ఒకప్పుడు టీవీ కోసం డాబాల మీద చూశాం. అందులో తీగ తగిలించేది ఒక్క పుల్లకే. తక్కినవి ఊరికే నిలబడి తరంగాలను దానివైపు మళ్లిస్తాయి. అలాగని అటక మీది పాతదాన్ని దింపకండి. ఆనాటి టీవీ తరంగం మీటరుకు మించి పొడవు. ఫోనుకు వాడే 1800 మెగాహెర్ట్జ్ తరంగం 17 సెంటీమీటర్లకు లోపే. దానికి కావలసిన పుల్ల అందులో సగం, అంటే బెత్తెడు.

ముందుగా పైసా ఖర్చులేని పని చెబుతాను. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్"లోకి వెళ్లి "సిమ్ స్టేటస్" తెరిస్తే సిగ్నల్ బలం అంకెల్లో కనిపిస్తుంది. దాని ముందు మైనస్ గుర్తు ఉంటుంది కాబట్టి అంకె తగ్గితే మంచిది. 85 ఉంటే బాగున్నట్టు, 115 దాటితే కష్టం. 10 తగ్గిందంటే బలం పదింతలు పెరిగినట్టు. ఫోను పట్టుకుని ఇల్లంతా తిరగండి, ఒక్కో చోట ఒక్క నిమిషం ఆగి అంకె రాసుకోండి. మా గదిలో 116, మెట్ల మలుపు కిటికీలో 108!

నేటి ఫోన్లకు యాంటెన్నా తగిలించే చోటు ఉండదు. సిమ్ వేసే రౌటర్లలో కొన్నింటికి ఉంటుంది, చూసి కొనండి. రౌటరును ఆ కిటికీలో పెట్టి, యాంటెన్నాను బయట టవరు వైపు తిప్పాలి. టవర్లు ఎక్కడున్నాయో ప్రభుత్వంవారి "తరంగ్ సంచార్"లో చూడవచ్చు. తీగ వీలైనంత పొట్టిగా ఉండాలి. సన్నని తీగ పది మీటర్లు సాగదీస్తే పట్టినదాంట్లో సగానికి పైగా దారిలోనే ఇంకిపోతుంది. కరెంటు తీగల దగ్గరకు మాత్రం కడ్డీ పోనివ్వకండి. ఉరుములప్పుడు డాబా ఎక్కకండి. ఫోను వెనక అంటించే బిళ్లలకు డబ్బు పోయకండి, వాటివల్ల ఒరిగేదేమీ లేదు.

మా కిటికీలో ఇప్పుడు అంకె 100. అద్భుతమేమీ కాదు. కానీ మొన్న అత్తమ్మ మంచం మీద నుంచే డాక్టరుగారితో మాట్లాడింది. గొడుగు మళ్లీ వానాకాలానికే బయటికొస్తోంది.