నెలలు నిండాలి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఐస్‌క్రీములో సువాసనకు వాడే వెనిల్లా ఒక ఆర్కిడ్ తీగ కాయ. పువ్వు ఒక్క పూటే విచ్చుకొని ఉంటుంది. మన దేశంలో పుప్పొడిని చేత్తోనే అంటించాలి. ఆ సులువైన పద్ధతిని 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ల బానిస బాలుడు కనిపెట్టాడు.

మా పెరటి తీగకు ఒక ఫిబ్రవరిలో నేనూ ఈనుపుల్లతో అలాగే చేశాను. రెండు నెలలకే కాయ జానెడు అయింది. ఇక పెరగడం లేదు కదా అని కోసేశాను. ఎండబెట్టినా వాసన లేదు. "నెలలు నిండకుండా కోస్తే వాసన ఎక్కణ్ణుంచి వస్తుందండీ!" అన్నది మా ఆవిడ.

నిజమే. పొడవు పెరగడం ఆగిన తరువాతనే లోపల గింజ ముదురుతుంది, వాసననిచ్చే సారం చేరుతుంది. మొత్తం ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. ఆర్కిడ్‌లన్నిటికీ ఇదే గడువు కాదు. కొన్నింటికి రెండు మూడు నెలలు చాలు, కొన్నింటికి ఏడాది కావాలి.

మరుసటి ఏడు నవంబరులో కాయ కొన పసుపు తిరిగేదాకా ఆగాను. వేడినీట ముంచి, రోజూ కాసేపు ఎండ చూపించి, నీడన ఆరబెడితే ఇల్లంతా గుబాళించింది.

మిత్రులారా, మనకు ఇంక్రిమెంట్లు ఆగి ఏళ్లయింది. అంతమాత్రాన పండటం ఆగినట్టు కాదు. సెలవు.