అమ్మ పాట ఆగిపోయిందా?



ముగ్గురు అక్కచెల్లెళ్లున్న ఇల్లు ఒకటి అనుకుందాం. వాళ్లమ్మ మంగళహారతులు, అప్పగింతల పాటలు బాగా పాడేది. 2004లో ఆ పాటలు రికార్డు చేసి ఒక సీడీలో ఎక్కించారు. ఇప్పుడు అమ్మ లేదు. ఆ సీడీ ఒక్కటే ఉంది. అది పెద్దామె దగ్గరుంది. చెల్లెళ్లకూ చెరొకటి కావాలి కదా! పెద్దామె కొడుకు కంప్యూటర్లో పెట్టి రెండు నకళ్లు తీశాడు. ఒకటి చెల్లెలి ప్లేయర్లో పాడనే లేదు. రెండోది మూడో పాట దగ్గర ఆగిపోయింది. “అయ్యో, అమ్మ సీడీ పాడైపోయింది” అని చిన్నామె ఏడ్చింది.

నిజంగా పాడైందా? తొందరపడొద్దు. ముందు అసలు సీడీని పెట్టి వినాలి. అది బాగా పాడితే తప్పు నకలుది. అదీ అక్కడే ఆగితే తప్పు అసలులోనే ఉంది.

కంపెనీ సీడీలో పాట సన్నని గుంటలుగా అచ్చు గుద్ది ఉంటుంది. ఇంట్లో తీసిన సీడీ అలా కాదు. దానిలో ఒక రంగు పూత ఉంటుంది. లేజరు వెలుగు ఆ పూత మీద మచ్చలు పెడుతుంది. అందుకే ఈ పనిని ‘బర్న్’ చేయడం అంటారు. బర్న్ అంటే కాల్చడం. ఈ పూత ఎండకు చెడిపోతుంది. కిటికీలో పెట్టకూడదు.

అసలు సీడీ ఆగుతోందా? మెత్తని నూలుగుడ్డతో తుడవాలి. మనం కంచం తుడిచినట్టు గుండ్రంగా తుడుస్తాం. అది తప్పు. పాట గుండ్రంగానే తిరుగుతూ ఉంటుంది. గుండ్రంగా గీత పడితే ఎక్కువ పాట పోతుంది. మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి. టూత్‌పేస్టు రుద్దమని కొందరు చెబుతారు. ఉన్న ఒక్క సీడీ మీద ఆ పని చేయకండి! అప్పటికీ ఆగితే ఇంకో కంప్యూటర్లో పెట్టి చూడాలి. ఒకటి చదవలేనిది ఇంకొకటి చదవొచ్చు.

పేరు రాసే వైపు గట్టిదనుకుంటాం. నిజానికి అదే సున్నితం. మెరిసే పొర ఆ వైపే పైకి ఉంటుంది. బాల్‌పెన్నుతో నొక్కి రాయకూడదు.

ఇక పాడని నకలు సంగతి. అబ్బాయి పాటలను ఎంపీత్రీలుగా ఎక్కించాడు. కంప్యూటర్ పాడింది. చెల్లెలి పాత ప్లేయరుకు ఎంపీత్రీ తెలియదు. దానికి ‘ఆడియో సీడీ’గా తీయాలి. అలా తీస్తే 80 నిమిషాల పాటలే పడతాయి. చివర ‘ఫైనలైజ్’ చేయాలి. సీసాకు మూత పెట్టడం లాంటిది అది. మూత పెట్టకపోతే వేరే ప్లేయర్లో పాడదు. చెరిపి మళ్లీ రాసే సీడీలు కూడా చాలా పాత ప్లేయర్లలో పాడవు.

మూడో పాట దగ్గర ఆగిన నకలు సంగతి వేరు. అబ్బాయి తొందరలో 52 రెట్ల వేగంతో తీశాడు. వేగం తగ్గించి మళ్లీ తీసి చూడాలి. 8 రెట్ల వేగం పెడితే నిండు సీడీకి 10 నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి, అన్నం ఉడకడానికి పట్టదా? ఆ సేపు కంప్యూటర్లో వేరే పని చేయకూడదు. మధ్యలో కరెంటు పోతే ఖాళీ సీడీ పాడవుతుంది. అసలు సీడీకి ఏమీ కాదు, భయపడొద్దు.

ఇవి అమ్మ పాడిన పాటలు. ఇంట్లో పంచుకోవచ్చు. సినిమా పాటల సీడీలకు అనుమతి లేకుండా నకళ్లు తీసి అమ్మడం మాత్రం నేరం.

అబ్బాయి ఈసారి పాటలను ముందు కంప్యూటర్లో దాచాడు. ఒక పెన్‌డ్రైవులోనూ ఎక్కించాడు. ఆ తర్వాత నిదానంగా రెండు ఆడియో సీడీలు తీశాడు. చిన్నామె ప్లేయర్ పక్కనే కూర్చుంది. మూడో పాట వచ్చింది. ఆగలేదు. నాలుగోది మొదలైంది.