జబ్బుతో ఉన్న కార్యకర్త

(హనుమకొండలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూర్చునే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. కొన్నేళ్ల క్రితమైతే ఈ మాట అనేదాన్ని కాదు. నాకు కీళ్లవాతం ఉంది. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. పొద్దున లేచాక రెండు గంటల దాకా వేళ్లు ముడుచుకోవు. తొమ్మిది గంటల మీటింగుకు ఎప్పుడూ ఆలస్యమే. బస్సు దొరకలేదని ఏళ్ల తరబడి అబద్ధం చెప్పాను. మీటింగు వేళ పెట్టుకునేది మనమే కదా, అడిగితే మార్చేవాళ్లమే. అయినా అడగలేదు. ఎందుకు అడగలేకపోయానన్నదే ఇవాళ మీ ముందు పెడుతున్న ప్రశ్న.

ఇది మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వచ్చే జబ్బు. ఇవాళ మెట్లెక్కిన మనిషి రేపు చెంబు ఎత్తలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం అంతకుముందు 7గా ఉన్న వైకల్యాలను 21 చేసింది. తలసీమియా, సికిల్ సెల్ లాంటివి చేరాయి, సంతోషమే. కానీ సర్టిఫికెట్ శాతాల లెక్క మీద నడుస్తుంది. వచ్చిపోయే నొప్పికి శాతం ఎవరు కడతారు?

చట్టం సంగతి సరే, మన సంగతి చూద్దాం. కార్యకర్త అంటే అలుపు లేని మనిషి అన్న ఊహ మనకు మగవాళ్ల ఉద్యమాల నుంచి వచ్చింది. ఇంట్లో వండిపెట్టే మనిషి ఉన్నవాడికే రాత్రింబవళ్లూ ఉద్యమం సాధ్యం. పితృస్వామ్యాన్ని విమర్శిస్తూనే ఆ కొలతను మనం తెచ్చుకుని వాడుకుంటున్నాం.

ప్రభుత్వం ఇంకా తెలివైనది. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశాను అది ఉద్యోగి అనదు, స్వచ్ఛంద కార్యకర్త అంటుంది. ఆమెకిచ్చేది జీతం కాదు, పారితోషికం. వెయ్యి జనాభాకు ఒక ఆశా. 30 ఏళ్లు దాటినవాళ్ల ఇళ్లకు వెళ్లి బీపీ, షుగరు ప్రమాదం ఎవరికుందో ఫారాలు నింపాలి. ఈ జిల్లాలోనే ఒక ఆశా నాతో అన్నది: ''మందికి షుగరు చూపిచ్చుకోమని చెప్పుడే గని, నాది చూపిచ్చుకోక ఆర్నెల్లాయె అక్కా.'' చూపించుకోవాలంటే ఒక పూట పోతుంది, ఆ పూట పని మళ్లీ ఆమె మీదే పడుతుంది. 2015లో తెలంగాణ ఆశాలు 100 రోజులు దాటి సమ్మె చేశారు. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు అవార్డు ఇచ్చింది. ఆ అవార్డుతో జీతంతో కూడిన సెలవేమీ రాలేదు. సేవ అని పేరు పెడితే చాలు, చేసేవాళ్ల ఒంటి లెక్క ఎవరూ అడగరు.

ఇక నా తప్పు చెప్పాలి. 1994లో ఎయిడ్స్ మీద పారిస్‌లో జరిగిన సదస్సు, ఆ జబ్బుతో బతుకుతున్నవాళ్లకు నిర్ణయాల్లో పెద్ద పాత్ర ఉండాలని ప్రకటించింది. నేను దాని మీద క్లాసులు చెప్పినదాన్నే. ఆస్పత్రిలో మందుల క్యూ దగ్గర కొత్తగా వచ్చినవాళ్లకు ధైర్యం చెప్పే ఒకామెను మా సభకు పిలిచాను. ''మీ కథ చెప్పండి'' అన్నాను. ఆమె చెప్పింది, హాలంతా ఏడ్చింది. మర్నాడు ఒక పేపర్లో ఫోటో వచ్చింది. మాట్లాడటానికి ఒప్పుకుంది గానీ ఫోటోకు ఒప్పుకోలేదు, మేం అడగనూ లేదు. ఆ నెలలోనే అద్దె ఇల్లు ఖాళీ చేయించారు. రాతపూర్వకమైన సమ్మతి లేకుండా హెచ్‌ఐవి సంగతి బయటపెట్టకూడదని చెప్పే 2017 చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. మా సభ దానికి ముందే జరిగింది. అది మాకు సాకేమీ కాదు. కథ కోసం ఆమెను పిలిచిన మేం, ఆ ఏడాది బడ్జెట్ వేసుకునేటప్పుడు మాత్రం పిలవలేదు.

చాలా రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. మాట్లాడాక తిట్టింది. ఆ తిట్లలోంచే మేం కొన్ని మార్పులు చేసుకున్నాం. మీటింగు పదకొండింటికి, కింది అంతస్తులో. ఎవరైనా మందులకు వెళ్లే రోజున వాళ్లకు పని వేయం. ప్రతి పనికీ ఇద్దరి పేర్లు రాసుకుంటాం, ఒకరు పడుకుంటే రెండోవాళ్లు చూసుకుంటారు. దీనివల్ల పని తగ్గిందా అంటే, తగ్గింది. ఇదివరకు పది ఊళ్లు తిరిగేవాళ్లం, ఇప్పుడు ఆరు. మా సభ్యుల్లో కొందరికి ఇది ఇప్పటికీ నచ్చలేదు, వాళ్లతో వాదన నడుస్తూనే ఉంది.

ఆమె ఇప్పుడు మా కమిటీలో ఉంది. మొదటి మీటింగులో ఎజెండా చదువుతుంటే ఆపి ఒకటే అడిగింది: ''బస్సు ఫ్రీయే గని, ఆటో కిరాయి ముందుగాల ఇస్తరా, ఎనకనా?''